ఆడలేకపోయామా, మద్దెలే ఓడా?

2009 మార్చిలో నింటెండో వారి 'వీ' కన్సోల్‌కు ఒక చిన్న ఆట వచ్చింది. డిస్కు లేదు, పెట్టె లేదు; 600 పాయింట్లు, అంటే 6 డాలర్లు కట్టి డౌన్‌లోడ్ చేసుకోవడమే. పేరు 'బిట్ ట్రిప్ బీట్'. చేసింది కాలిఫోర్నియాలోని సాంతా క్రూజ్‌లో గుప్పెడు మందితో నడుస్తున్న గైజిన్ గేమ్స్. ఆ సంస్థే తర్వాత చాయిస్ ప్రొవిజన్స్‌గా పేరు మార్చుకుంది. అప్పటికే ఇళ్లలోకి హెచ్‌డీ టీవీలు వచ్చేశాయి. పోటీ కన్సోళ్లలో మనిషి ముఖం మీది చెమట చుక్క కూడా లెక్కపెట్టగలిగేంత నాజూకు బొమ్మలు ఆడుతున్నాయి. ఈ ఆట మాత్రం 1972 నాటి అటారీ వారి 'పాంగ్'ను తలపించేలా ఒక పట్టీ, కొన్ని చదరపు ముక్కలతో దిగింది. దానికి వచ్చిన స్పందనలో ఒక తమాషా ఉంది. సంగీతం అద్భుతం అన్నారు, చూడగానే అర్థమయ్యే ఆట అన్నారు, వదలబుద్ధి కావడం లేదన్నారు. ఆ వెంటనే మరీ కఠినంగా ఉందన్నారు, లెవెళ్లు సాగదీశారన్నారు, వెనకాల బొమ్మలు కళ్లకు అడ్డం పడుతున్నాయన్నారు. ఒక ఆటను మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ రెండు వర్గాలుగా ఉండటం మామూలే. ఇక్కడ మెచ్చుకోలూ ఫిర్యాదూ ఒకే సమీక్షలో, ఒకే మనిషి నోట పక్కపక్కనే వినిపించాయి. ఈ రెంటికీ మూలం ఒక్కటేనని, అది పాత ఆటల మీది మమకారంలో కంటే మన మెదడు రాబోయే క్షణాన్ని ముందుగా లెక్కగట్టే తీరులో ఉందని ఈ అధ్యాయంలో చూపదలిచాను.

ముందు ఆట ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. తెర ఎడమ అంచున నిలువుగా ఒక ప్యాడిల్ ఉంటుంది. కుడివైపు నుంచి చదరపు ముక్కలు ఒంటరిగా, జంటలుగా, బారులుగా వస్తాయి. ఆటలో వాటినే బీట్లంటారు. వీ రిమోట్‌ను అడ్డంగా రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే ప్యాడిల్ పైకీ కిందికీ జరుగుతుంది. ముక్కను కొట్టడానికి బటన్ నొక్కే పనే లేదు. వచ్చిన ముక్క ప్యాడిల్‌కు తగలగానే ఒక స్వరం పలుకుతుంది, ఆ స్వరం వెనక నడుస్తున్న పాటలో తన చోట అతుక్కుంటుంది. అంటే పాటలో కొంత భాగం ఆటగాడి చేతిలో ఉంది. వదిలేసిన ప్రతి ముక్కా పాటలో ఒక వెలితి. కొన్ని ముక్కలు తిన్నగా వస్తాయి, కొన్ని వంపు తిరుగుతాయి, కొన్ని మధ్యలో ఒక్క క్షణం ఆగి దూసుకొస్తాయి, కొన్ని తగిలాక వెనక్కి ఎగిరి మళ్లీ వస్తాయి. వదలకుండా కొడుతూ పోతే ఆట 'మెగా' స్థితికి ఎక్కి పాట నిండుగా మోగుతుంది. ఎక్కువ వదిలేస్తే 'నెదర్' అనే స్థితికి జారుతుంది. రంగులన్నీ ఆరిపోయి తెర నలుపు తెలుపుల్లోకి వస్తుంది, పాట ఆగిపోతుంది, చేతిలోని రిమోట్‌కు ఉన్న బుల్లి స్పీకరు మాత్రం ముక్క తగిలినప్పుడల్లా కీచుమంటుంది. అక్కడ కూడా తప్పులు పెరిగితే గేమ్ ఓవర్. లెవెల్ మళ్లీ మొదటి నుంచి ఆడాలి. ఉన్నవి మూడే లెవెళ్లు, ఒక్కొక్కటీ పది నిమిషాలకు అటూ ఇటూగా సాగుతుంది, మధ్యలో చెక్‌పాయింట్లు లేవు.

ఇలాంటి ఆట ఎందుకు నచ్చిందని అడిగితే ఎక్కువమంది ఠక్కున చెప్పే జవాబు పాత జ్ఞాపకాలు. అందులో నిజం లేకపోలేదు. గతాన్ని తలచుకోవడం మనిషికి ఊరటనిస్తుందని, నలుగురితో కలిసి ఉన్నామన్న భావన పెంచుతుందని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాన్‌స్టంటైన్ సెడికిడీస్, టిమ్ వైల్డ్‌షట్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006 నుంచీ ప్రయోగాలతో చూపుతూ వచ్చారు. ఆటలు అమ్మేవాళ్లకు ఈ కిటుకు శాస్త్రవేత్తలకంటే ముందే తెలుసనుకోండి. కానీ ఈ వివరణ రెండు చోట్ల తడబడుతుంది. 1972లో పాంగ్ ఆడిన కుర్రవాళ్లు 2009 నాటికి నడివయసు దాటారు. కొత్త ఆట ఆడినవాళ్లలో బోలెడుమంది పాంగ్ నాటికి పుట్టనే లేదు. మన వైపు సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. తొంభైల్లో తెలుగు ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ వీడియో గేముల వల్ల పిల్లలకు బాగా తెలిసింది మారియో, కాంట్రా. వాళ్లలో చాలామందికి పాంగ్ ఒక జ్ఞాపకమే కాదు. చూడని కాలం మీద కూడా బెంగ పుట్టవచ్చు కదా అంటారా, పుట్టవచ్చు. ఆ వాదన ఒప్పుకున్నా రెండో చిక్కు మిగిలే ఉంటుంది. జనం మెచ్చుకున్నవీ పాతకాలపు లక్షణాలే, తిట్టినవాటిలో పెద్దదీ పాతకాలపు లక్షణమే. చదరపు ముక్కలు నచ్చాయి, బీప్ శబ్దాలు నచ్చాయి. ఓడితే మొదటికి నెట్టేయడం నచ్చలేదు. అది కూడా ఆనాటి ఆటల ఆనవాయితీయే. మమకారమే కారణమైతే దాన్నీ అంతే ముద్దుగా చూసుకోవాలి. ఏది క్షమించారు, ఏది క్షమించలేదు, ఆ గీత అక్కడే ఎందుకు పడింది అన్నది చెప్పలేని వివరణ సగం పనే చేస్తుంది.

ఆ గీతను వెతకాలంటే లయ మన ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూడాలి. ఒక శబ్దం వినగానే బటన్ నొక్కమంటే మనిషికి సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుంది. వెలుగు చూసి నొక్కమంటే 200 దాకా. ఈ ఆలస్యాన్ని సాధనతో కొంత తగ్గించగలం కానీ పూర్తిగా పోగొట్టలేం. అలాంటప్పుడు లయ తప్పకుండా తాళం వేయడం ఎవరికీ సాధ్యం కాకూడదు, ప్రతి దెబ్బా ఆలస్యంగా పడాలి. జరిగేది వేరు. సమానమైన ఎడంతో మోగుతున్న టిక్కు శబ్దాలకు వేలితో తాళం వేయమంటే మామూలు జనం దెబ్బ శబ్దం కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే పడుతుంది. ఇది ప్రయోగశాలల్లో నూరేళ్ల కిందటి నుంచీ తెలిసిన సంగతి. అమెరికాలోని హాస్కిన్స్ లాబొరేటరీస్‌లో పనిచేసిన బ్రూనో రెప్ 2005లో ఈ పరిశోధనలన్నిటినీ గుదిగుచ్చి పెద్ద సమీక్ష రాశారు. తాళం వేసేటప్పుడు మనం శబ్దానికి స్పందించడం లేదు, అది ఎప్పుడొస్తుందో లెక్కగట్టి ఎదురెళుతున్నాం. కోలాటంలో ఎదుటివాళ్ల కర్ర కదిలింది చూసి మన కర్ర ఎత్తితే రెండూ ఎన్నటికీ కలవవు. పాట చెప్పే చోటికి ఇద్దరూ ముందే బయల్దేరతారు కాబట్టే కలుస్తాయి. ఈ లెక్క కట్టే పని చెవి ఒక్కటే చేయదు. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ మెదడు స్కానింగుతో చేసిన ప్రయోగంలో, వేలు కూడా కదపకుండా ఊరికే లయను వింటున్నవారిలో సైతం శరీర కదలికలను నడిపే భాగాలు, ముఖ్యంగా బేసల్ గ్యాంగ్లియా, చురుగ్గా పనిచేయడం కనిపించింది. వినడమంటేనే సగం ఆడటమన్నమాట.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బిట్ ట్రిప్ బీట్‌లో లయకు సరిగ్గా చేయి కదపాల్సిన అవసరమే లేదు. ముక్క వచ్చే ఎత్తుకు ప్యాడిల్ ముందుగానే చేరి కూర్చున్నా చాలు, స్వరం దానంతటదే సరైన క్షణంలో పలుకుతుంది. 1997లో కొనామీ వారి 'బీట్‌మేనియా', 1998లో 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' సరైన క్షణంలో నొక్కావా, అడుగు వేశావా అని కొలిచేవి. ఇది అలా కొలవదు కనుక అసలు రిథమ్ గేమే కాదని, పాటతో కలిపిన పాంగ్ మాత్రమేనని అనేవాళ్లున్నారు. చేతి విషయంలో వాళ్లు చెప్పేది నిజమే. కానీ లయ చేతి కంటే ముందు చూపును నడుపుతుంది. మారి రీస్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల నుంచీ అభివృద్ధి చేసిన సిద్ధాంతం ప్రకారం మన ధ్యాస ఎప్పుడూ ఒకే మోతాదులో వెలిగే దీపం లాంటిది కాదు. బయట లయ ఉంటే దానితో పాటు ఎగసి పడుతుంటుంది. 2002లో ఆమె బృందం ప్రచురించిన ప్రయోగంలో, రెండు స్వరాల్లో ఏది హెచ్చో చెప్పమన్నప్పుడు, రెండో స్వరం అంతకుముందు నడిచిన లయ సూచించిన క్షణంలో వస్తే జనం ఎక్కువ కచ్చితంగా చెప్పారు. కాస్త ముందో వెనకో వస్తే పొరపాట్లు పెరిగాయి. ఆటలో ఒకేసారి పది ముక్కలు వస్తున్నప్పుడు అన్నిటినీ చూడటం ఎవరి తరమూ కాదు. వాటిలో ఏది ముందు తగులుతుందో, ఏ క్షణంలో ఎక్కడ చూడాలో పాటే చెబుతోంది. టీవీ శబ్దం కట్టేసి ఆడితే ఇదే ఆట మరో ఆటగా మారడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ బీప్ శబ్దాల సంగతి. తొలినాటి యంత్రాల్లో శబ్దానికి చోటు చాలా తక్కువ. 1977 నాటి అటారీ 2600లో రెండే ధ్వని ఛానెళ్లు. 1989 నాటి గేమ్ బాయ్‌లో నాలుగు. ఆ చిప్‌ల నుంచి వచ్చే స్వరం వీణ తీగలా, వయొలిన్ కమానులా మెల్లగా ఊపిరి పోసుకోదు. సాధారణంగా అది ఒక్కసారిగా, పదునుగా మొదలవుతుంది. సంగీతజ్ఞుడి చెవికి ఇది మొరటుతనం కావచ్చు, కాలాన్ని కొలిచే మెదడుకు ఇది వరం. మెల్లగా పైకి లేచే ధ్వని సరిగ్గా ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం, అంచు పదునుగా ఉన్న ధ్వని విషయంలో ఆ సందిగ్ధం ఉండదు. మన మృదంగంలో, తవిలులో, డప్పులో లయ అంత స్పష్టంగా పట్టుబడేది కూడా దెబ్బకున్న ఆ పదును వల్లే. బిట్ ట్రిప్ బీట్ మొదట్లోనూ చివర్లోనూ వినిపించే సంగీతానికి గేమ్ బాయ్‌తో కచేరీలు చేసే న్యూయార్క్ కళాకారుడు బిట్ షిఫ్టర్‌ను పిలవడం, ఆ తర్వాతి భాగాల్లో నల్‌స్లీప్, అనమనగుచి లాంటి చిప్‌ట్యూన్ సంగీతకారులను తీసుకోవడం వెనక అభిరుచే ఉండి ఉండవచ్చు. ఫలితం మాత్రం అభిరుచిని మించింది. సంగీతం బాగుందన్న మెచ్చుకోలులో, ఆ సంగీతం తమ చేతిని సరిగ్గా నడిపిస్తోందన్న సుఖం కూడా కలిసిపోయి ఉందని నా అభిప్రాయం. ఆ రెండింటినీ విడదీసి చెప్పగలిగేంత తీరిక ఆటలో ఉన్నవాడికి ఎలాగూ ఉండదు.

బొమ్మల విషయంలో లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే లయ పట్టడంలో కన్ను చెవి కంటే వెనకబడిన విద్యార్థి. మినుకు మినుకుమనే దీపానికి తాళం వేయమంటే చెవి ఆధారం ఉన్నప్పటి కచ్చితత్వంలో చాలా భాగం పోతుంది. కానీ వెలిగి ఆరే చుక్క బదులు ఎగిరి పడే బంతిని చూపితే కథ మారుతుంది. జాన్ ఐవర్సన్, అనిరుధ్ పటేల్ తదితరులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, బంతి నేలకు తగిలే క్షణానికి తాళం వేయడంలో జనం దాదాపు చెవితో వేసినంత బాగా వేశారు. కదలిక ఉంటే తగలబోయే క్షణాన్ని కన్ను కూడా ముందే లెక్కగట్టగలదు. నల్లటి తెర మీద రంగు చదరం తిన్నగా వచ్చి పట్టీకి తగలడం కంటికి ఇవ్వగలిగినంత శుభ్రమైన లెక్క. ముఖం లేదు, నీడ లేదు, చేయి ఊపడం లేదు. ఎక్కడుంది, ఎంత వేగం, ఏ రంగు, అంతే. రంగును బట్టి, ఆకారాన్ని బట్టి ఏ ముక్క ఎలా ప్రవర్తిస్తుందో కొన్ని ఓటముల్లోనే తెలిసిపోతుంది. కదిలే వస్తువులను ఒకేసారి నాలుగైదుకు మించి మనసు వెంబడించలేదని జెనన్ పిలిషిన్, రాన్ స్టార్మ్ 1988లో చూపారు. లెవెల్‌లో కష్టమైన ఘట్టాల్లో ముక్కలు అంతకంటే ఎక్కువే వస్తాయి. అయినా ఆడగలుగుతున్నామంటే, ఎనిమిది ముక్కల బారును ఎనిమిదిగా కాక పాటలోని ఒక్క చరణపు ముక్కగా చూడటం నేర్చుకున్నామన్నమాట.

ఇది అర్థమైతే వెనకాల బొమ్మల మీద వచ్చిన ఫిర్యాదు ఎంత సూటిదో తెలుస్తుంది. ఆట ముందుకు పోయేకొద్దీ ప్యాడిల్ వెనక అంతరిక్షం తిరుగుతుంది, ముక్కల్లాంటి ఆకారాలే మెరిసి మాయమవుతాయి, రంగులు ఎగజిమ్ముతాయి. అవి కూడా అచ్చమైన పాతకాలపు శైలిలోనే ఉన్నాయి, విడిగా చూస్తే అందంగానే ఉన్నాయి. అయినా తిట్టారు. ఎందుకంటే తగలాల్సిన చదరానికీ అలంకారపు చదరానికీ తేడా కన్ను ముందుగా తేల్చుకోలేకపోతే ఇంతసేపూ చెప్పుకున్న లెక్క మొత్తం పాడవుతుంది. రెట్రో శైలి తనంతట తానుగా జనాన్ని మెప్పించలేదు, ముందుచూపుకు సాయపడినంత మేరకే మెప్పించింది అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. నెదర్ స్థితి విషయంలోనూ ఇదే జరిగింది. ఓడిపోతున్నవాడి నుంచి పాటను లాక్కోవడం అన్యాయంగా కనిపిస్తుంది, అప్పుడే కదా చెవికి ఆధారం కావాలి. కానీ ఆట పాటతో పాటు ఆ అలంకారాన్నీ లాగేసుకుంటోంది. నల్ల తెర, తెల్ల ముక్కలు, తగిలితే చేతిలో ఒక కూత. చెవిని పోగొట్టుకున్నవాడికి కన్ను శుభ్రపడుతోంది. పాట మళ్లీ వినిపించాలంటే వరసగా కొట్టాలి. శిక్ష వేస్తూనే దారి చూపించే తెలివి ఇది. రూపకర్తలు ఇంత లెక్క వేసి చేశారో, చేయి తిరిగినవాళ్లకు అలా కుదిరిపోయిందో గానీ.

ఇక అసలు ప్రశ్న, కఠినత్వం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఓడిపోయినవాళ్లు ఆటను తిడుతున్నారని అనుభవమున్న గేమర్లు తీసిపారేస్తుంటారు. మద్దెల నిజంగానే ఓడు కావచ్చు కదా అన్నది ఇవతలి పక్షం. ఈ తగువును కొలిచి చూసినవాడు డెన్మార్క్‌కు చెందిన ఆటల పరిశోధకుడు యెస్పర్ యూల్. ప్యాక్‌మన్, స్నేక్ కలిపినట్టుండే చిన్న ఆట ఒకటి తయారుచేసి, దాన్ని ఆడినవాళ్లను ఎలా ఉందో చెప్పమన్నాడు. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో ఎక్కువ మార్కులు వేసినవాళ్లు ఒక్కసారి కూడా ఓడకుండా ముగించినవాళ్లు కారు; కొంత ఓడి, చివరికి గెలిచినవాళ్లు. ఇంకో ముక్క నాకు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. ఓటమికి బాధ్యత తమదే అనుకున్నవాళ్లు ఆటను మెచ్చుకున్నారు, తమది కాదనుకున్నవాళ్లు తక్కువ చేశారు. పరీక్ష తప్పిన పిల్లవాడు ప్రశ్నపత్రాన్ని తిడతాడు కాబట్టి మనుషులు ఎప్పుడూ తప్పును బయటికే తోస్తారని అనుకుంటాం. ఆటలో మాత్రం తప్పు తనది కావాలని మనిషి కోరుకుంటాడు, ఎందుకంటే తనదైన తప్పునే తను దిద్దుకోగలడు. దీనికి మెదడులో ఒక పునాది ఉంది. అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాకు డోపమిన్ కణాలు స్పందిస్తాయని వుల్ఫ్రామ్ షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటెగ్ 1997లో రాసిన ప్రసిద్ధ వ్యాసం వివరించింది. తేడా ఎంతో, ఎటువైపో తెలిసినప్పుడే దాని నుంచి నేర్చుకోవడం కుదురుతుంది. చదరం ప్యాడిల్‌కు వేలెడు పైనుంచి వెళ్లిపోయిందంటే పాఠం అక్కడే ఉంది. మెరుపుల మధ్య కనిపించకుండా వెళ్లిపోయిందంటే నష్టమే తప్ప పాఠం లేదు.

ఈ దృష్టితో చూస్తే లెవెళ్ల పొడవు మీది ఫిర్యాదు కూడా కఠినత్వం మీది ఫిర్యాదు కాదని తెలుస్తుంది. తొమ్మిదో నిమిషంలో ఓడినవాడికి తన తప్పు ఏమిటో స్పష్టంగా తెలుసు. కానీ దాన్ని దిద్దుకునే అవకాశం మళ్లీ తొమ్మిది నిమిషాల తర్వాతే వస్తుంది, ఈలోపు ఇదివరకే వచ్చిన పాఠాన్నే మళ్లీ వల్లె వేయాలి. అదే సంస్థ 2010లో తెచ్చిన 'బిట్ ట్రిప్ రన్నర్' దాదాపు ఈ ఊహను పరీక్షించడానికే చేసినట్టుంటుంది. ఇందులో కమాండర్ వీడియో అనే నల్లటి మనిషి ఆకారం దానంతటదే పరుగెడుతుంటుంది. ఆటగాడు గెంతాలి, వంగాలి, తన్నాలి. గెంతు గెంతుకూ, ఏరుకున్న బంగారు కడ్డీ కడ్డీకీ ఒక స్వరం. ఒక్క రాయి తగిలినా లెవెల్ మొదటికి విసిరేస్తుంది. నియమం బీట్‌లో కంటే కఠినం, అక్కడ కొన్ని తప్పులకు చోటుండేది, ఇక్కడ ఒక్కదానికీ లేదు. అయినా ఈ వరుసలో వచ్చిన ఆరు ఆటల్లో జనంలోకి ఎక్కువగా వెళ్లింది ఇదే. లెవెళ్లు చాలావరకు చిన్నవి, ఓడిన క్షణంలోనే మనిషి వెనక్కి జారి మళ్లీ పరుగు అందుకుంటాడు, మధ్యలో గేమ్ ఓవర్ అనే తెర లేదు, ఎన్ని ప్రాణాలు మిగిలాయన్న లెక్క లేదు. తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య కాలం కుదించుకుపోయింది. విశేషమేమిటంటే ఇదే ఆటలో ఆటగాళ్లు ఇప్పటికీ పళ్లు నూరుకుంటూ తలుచుకునేది మొదటి ప్రపంచంలోని పదకొండో లెవెల్ 'ఒడిస్సీ'ని, అది మిగతావాటి కంటే బాగా పొడవైనది. ఈ వరుసలో చివరిదైన 2011 నాటి 'ఫ్లక్స్' మళ్లీ ప్యాడిల్ దగ్గరికి వచ్చింది, ఈసారి చెక్‌పాయింట్లతో.

ఒకే సంస్థ ఆటల నుంచి ఇంత పెద్ద మాట తేల్చవచ్చా అని అడగడం సబబే. కెనడాలోని వాంకూవర్‌లో బ్రేస్ యువర్‌సెల్ఫ్ గేమ్స్ చేసిన 'క్రిప్ట్ ఆఫ్ ద నెక్రోడాన్సర్' దీనికి పూర్తిగా వేరే దారిలో వచ్చింది, పూర్తి రూపంలో వెలువడింది 2015 ఏప్రిల్‌లో. పిక్సెల్ బొమ్మల నేలమాళిగ, గళ్ల నేల, గళ్ల మీద రాక్షసులు. డానీ బరనోవ్‌స్కీ సంగీతానికి తగ్గట్టు ప్రతి అడుగూ తాళం మీదే వేయాలి. తప్పితే ఆ అడుగు పోతుంది, నాణేల లాభం పోతుంది. చస్తే మొదటికే. ఓడిన ప్రతిసారీ తప్పు తనదేనని ఆటగాడికి అనిపించాలన్నది తన లక్ష్యమని రూపకర్త రయన్ క్లార్క్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. అందుకు వాడిన పద్ధతి చూడండి. నేలమాళిగ పటం ప్రతిసారీ మారిపోతుంది, కానీ రాక్షసుల నడక ఎప్పుడూ మారదు. ఆకుపచ్చ బురదముద్ద కదలదు, నీలం ముద్ద పైకీ కిందికీ గెంతుతుంది, తతిమ్మావాటికీ వాటి వాటి ఆవృత్తాలున్నాయి. ఆరంభంలో అదంతా గందరగోళం. పది చావుల తర్వాత, వేరు వేరు తాళాలు ఒకేసారి నడుస్తున్న కచేరీ. ఈ ఆటలోనే బార్డ్ అనే పాత్ర ఉంది, దాన్ని ఎంచుకుంటే తాళం నియమం ఉండదు, మనం కదిలినప్పుడే రాక్షసులు కదులుతారు. ఎప్పుడు అన్న లెక్కను తీసేసి ఎక్కడ అన్న లెక్కను ఒక్కదాన్నే ఉంచడమన్నమాట. తాళం పట్టలేనివాళ్లకు అది పెద్ద సాయమే, కానీ ఆట చదరంగానికి దగ్గరవుతుంది.

తాళం నియమం పెట్టగానే టీవీ కూడా ఆటలో భాగమైపోతుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో సిగ్నల్ వచ్చిందే తడవుగా తెర మీద పడేది. ఎల్‌సీడీ టీవీలు బొమ్మను సరిచేసి, సాగదీసి చూపేసరికి పదుల మిల్లీసెకన్లు గడిచిపోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము ఆయుష్షు 16.7 మిల్లీసెకన్లు, అంటే ఆటగాడు చూస్తున్నది మూడు నాలుగు ఫ్రేముల కిందటి గతం కావచ్చు. తాళం వేయడంలో మన సహజ కచ్చితత్వమే పదుల మిల్లీసెకన్లలో ఉన్నప్పుడు ఈ ల్యాగ్ చిన్న విషయం కాదు. 2007 నాటి 'రాక్ బ్యాండ్' మొదలు నెక్రోడాన్సర్ దాకా ఈ ఆటల్లో టీవీకి తగ్గట్టు తాళాన్ని సర్దుకునే కాలిబ్రేషన్ ఉండటానికి కారణం అదే. మద్దెల నిజంగానే ఓడు కాగల సందర్భం ఇది. ఇక్కడ జరిగే అన్యాయం కంటికి కనిపించదు, ఓడినవాడికి కారణం తెలియదు. ఆట మొద్దుగా ఉందనో, తనకు లయ రాదనో అనుకుని వదిలేస్తాడు. బిట్ ట్రిప్ బీట్‌కు ఈ బెడద కొంత తక్కువ. ముందే వెళ్లి కాచుకునే వీలున్న ఆటలో ఆలస్యాన్ని ముందుచూపుతో పూడ్చుకోవచ్చు. రిథమ్ గేమే కాదని కొందరు ఎత్తి చూపిన లోపమే దాన్ని ఇక్కడ కాపాడింది.

నా వాదనకు ఎదురుగా నిలబడే మాట ఇంకొకటి ఉంది. మనకు వినిపిస్తున్న స్పందన ఎవరిది? మొదటి లెవెల్‌లోనే విసిగి రిమోట్ పక్కన పడేసినవాడు సాధారణంగా ఏమీ రాయడు. మెచ్చుకోలు ఎక్కువగా గట్టెక్కినవాళ్ల నోటి నుంచే వస్తుంది. కొంత ఓడి గెలిచినవాళ్లే ఎక్కువ మార్కులు వేశారన్న యూల్ ఫలితం ఈ అనుమానాన్ని పెంచుతుంది కూడా; అతని ప్రయోగంలో ముగించలేకపోయినవాళ్లు వేసిన మార్కులు అందరికంటే తక్కువ. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు, ఉందని నటించను. కానీ గట్టెక్కినవాళ్ల మాటల్లోనూ ఫిర్యాదులున్నాయి, అవి యాదృచ్ఛికంగా చెదిరి లేవు. వెనక బొమ్మలు, పొడవు అనే రెండు చోట్లే గుమిగూడాయి. గెలిచిన గర్వమే మాట్లాడుతుంటే అలాంటి వాటిని కూడా గొప్పగా చెప్పుకునేవాళ్లు. మరో వర్గం గురించి మాత్రం ఏ ఆటా సమాధానం చెప్పుకోవలసిందే. సంగీతంలోని తాళాన్ని అసలు పట్టలేని మనుషులు కొందరున్నారని, వాళ్లకు వినికిడిలో లోపమేమీ లేదని మాంట్రియల్ పరిశోధకులు 2011లో ఒక వ్యక్తిని పరీక్షించి రాశారు. అలాంటివారికి ఎంత పదునైన బీప్ అయినా ఉపయోగం లేదు. దీనికి తిరగేసిన ముచ్చట కూడా ఉంది. పైన చెప్పిన 2015 ప్రయోగంలోనే, మినుకుమనే వెలుగుకు తాళం వేయడంలో బధిరులు వినగలిగినవారి కంటే మెరుగ్గా చేశారు. లయ చెవి సొత్తు అని స్థిరపరుచుకుని తయారుచేసే ఆటలు ఈ రెండు రకాల మనుషులకూ దూరంగానే ఉండిపోతాయి.

2013లో 'రన్నర్ 2' వచ్చేసరికి పాత చదరాలు చాలావరకు పోయి గుండ్రటి, నిగనిగలాడే త్రీడీ బొమ్మలు వచ్చాయి. కష్టాన్ని ఎంచుకునే వీలు పెట్టారు, ప్రతి లెవెల్ మధ్యలో ఒక చెక్‌పాయింట్ నిలబెట్టారు. రెట్రో మోజుతోనే జనం ఈ ఆటలను ఆదరించి ఉంటే ఆ రూపం పోయాక ఆదరణ కూడా పోవాలి, పోలేదు. ఆ చెక్‌పాయింట్‌ను కూడా తప్పనిసరి చేయలేదు. పరుగెడుతూ దాన్ని తాకితే ఓడినప్పుడు అక్కడి నుంచే మొదలు. దాని మీంచి గెంతేస్తే అదనపు పాయింట్లు వస్తాయి, ఓడితే మాత్రం మొదటి నుంచే. ఎంత దూరం వెనక్కి పోవాలన్న నిర్ణయం ఓడబోయేవాడి చేతికే వచ్చింది. గెంతినవాడు ఆ తర్వాత తప్పు చేసి మొదటికి వచ్చి పడినా, లెవెల్ పొడవైందని ఆటను తిట్టడానికి అతనికి వీలు లేదు.